కోఠీ – సుల్తాన్ బజార్: రెసిడెన్సీ నీడలో రూపుదిద్దుకున్న నగర కేంద్రం

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్ నగరానికి చార్మినార్ హృదయమైతే, మూసీ నదికి ఉత్తరాన ఉన్న కోఠీ – సుల్తాన్ బజార్ ప్రాంతం ఆ నగరపు రెండవ కేంద్రమని చెప్పవచ్చు. నాలుగు వందల ఏళ్లు దాటిన రాజధానిలో ఈ ప్రాంతానికి ఉన్న వయస్సు దాదాపు రెండు శతాబ్దాలు మాత్రమే. పాతనగరాన్ని కుతుబ్‌షాహీ ప్రభువులు 1591లో ఒక ప్రణాళిక ప్రకారం నిర్మించారు. కోఠీని మాత్రం ఏ ప్రభువూ నగరంగా తలపెట్టి నిర్మించలేదు. ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి నివాసానికై వెలసిన ఒక భవనం, దాని అవసరాల కోసం ఏర్పడిన ఒక బజారు, ఆ బజారును ఆశ్రయించిన వర్తకులు, వారి వెనుకనే వచ్చిన విద్యాసంస్థలు, గ్రంథాలయాలు కలిసి క్రమంగా ఒక నగర కేంద్రాన్ని సృష్టించాయి. తెలంగాణలో తెలుగు భాషా వికాసానికి, ప్రజా చైతన్యానికి తొలి వేదికలు ఈ పరిసరాలలోనే ఏర్పడడం గమనార్హం.

ఒప్పందాల నేపథ్యం

ఆసఫ్‌జాహీ వంశంలో రెండవ నిజాంగా పరిగణించే నిజాం అలీ ఖాన్ 1762 నుంచి 1803 వరకు పరిపాలించారు. ఒకవైపు మరాఠాలు, మరొకవైపు మైసూరు పాలకులు బలపడుతున్న ఆ కాలంలో ఆయన కంపెనీతో సంబంధాలు పెంచుకున్నారు. కోస్తా ప్రాంతంలోని ఉత్తర సర్కారులు 1766 నాటి ఒప్పందంతో కంపెనీ వశమయ్యాయి. వాటికి ప్రతిగా కంపెనీ ఏటా పేష్కష్ చెల్లించవలసి ఉండేది. ఈ వ్యవహారాల పర్యవేక్షణకు కంపెనీ తరఫున 1779లో జాన్ హాలండ్ హైదరాబాద్ దర్బారుకు వచ్చారు. రెసిడెంట్ పదవికి ఆయనతోనే ఆరంభం జరిగింది.

అయితే రెసిడెంట్‌కు నిజమైన అధికార బలం 1798లో సమకూరింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1న కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సైనిక దళాలను రద్దు చేసి, వాటి స్థానంలో కంపెనీ సైన్యాన్ని నిలిపారు. ఆ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేసిన స్థలమే 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది. 1800 అక్టోబర్‌లో జరిగిన మరొక ఒప్పందంతో సైన్యం ఖర్చుల కింద కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి దక్కాయి. దత్త మండలాలుగా ప్రసిద్ధమై, తరువాతి కాలంలో రాయలసీమగా పేరొందిన సీమ అదే. ఈ విధంగా తెలుగు నేల మూడు పాలనా ఖండాలుగా విడిపోవడానికి దారి తీసిన ఒప్పందాలకూ, కోఠీ పుట్టుకకూ మూలం ఒకటే.

భవన నిర్మాణం

1798, 1800 ఒప్పందాల సమయంలో రెసిడెంట్‌గా వ్యవహరించిన వ్యక్తి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. పారసీక భాషలో ప్రవేశం కలిగి, దర్బారు మర్యాదలను ఔపోసన పట్టిన కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంను వివాహమాడారు. కంపెనీ హోదాకు తగిన నివాసం ఉండాలన్న ఉద్దేశంతో మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న తోటల మధ్య కొత్త రెసిడెన్సీ నిర్మాణానికి ఆయన పూనుకున్నారు.

ఈ స్థల సేకరణకు సంబంధించి ఒక కథ ప్రచారంలో ఉంది. కిర్క్‌పాట్రిక్ కోరిన స్థలం పటాన్ని చాలా పెద్ద కాగితంపై గీయించి నిజాం ముందుంచగా, ఆయన అంగీకరించలేదట. తన రాజ్యం పటమంత ఉన్న ఆ కాగితాన్ని చూసి నిజాం కలవరపడ్డారని మంత్రి చెప్పగా, అదే స్థలాన్ని చిన్న కాగితంపై గీయించి మరల సమర్పించారనీ, అప్పుడు అనుమతి సులభంగా లభించిందనీ చెబుతారు. కథలో నిజం ఎంతైనప్పటికీ, నిర్మాణ వ్యయాన్ని నిజాం ప్రభుత్వమే భరించడాన్ని బట్టి ఆనాటి బలాబలాలు ఎట్టివో ఊహించవచ్చు.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ ఈ భవనానికి రూపశిల్పి. 1803 ప్రాంతంలో ఆరంభమైన పని కొన్నేళ్లు కొనసాగింది. ఉత్తర ముఖంగా, ఎత్తైన మెట్ల వరుసపై, కొరింథియన్ శైలి స్తంభాలతో నిలిచిన ముఖమండపం, దాని ముందు ఇరువైపులా సింహ విగ్రహాలు, లోపల విశాలమైన దర్బారు హాలు ఈ భవన విశేషాలు. యూరోపియన్ శైలి కట్టడాన్ని స్థానిక శ్రామికులు, స్థానిక సామగ్రితో నిర్మించారు. భవనానికి సమీపంలో ఖైరున్నీసా కోసం రంగ్ మహల్ అనే జనానాను ఏర్పాటు చేశారు. ప్రధాన భవనానికి చిన్న నమూనాను కూడా ఆవరణలో నిర్మించారు. రంగ్ మహల్ తరువాతి కాలంలో కాలగర్భంలో కలిసిపోయింది. కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబర్ 15న కలకత్తాలో మరణించారు. తాను తలపెట్టిన సౌధంలో ఎక్కువ కాలం నివసించే భాగ్యం ఆయనకు కలగలేదు.

పెద్ద భవంతిని కోఠీ అని పిలవడం హిందుస్తానీలో వాడుక. ప్రజల నోట రెసిడెంటు గారి కోఠీ ఆ పరిసరాలకంతటికీ పేరయింది.

బజారు ఎలా పెరిగింది

రెసిడెంట్‌తో పాటు అంగరక్షక దళం, గుమాస్తాలు, మున్షీలు, వైద్యులు, సేవకులు, వారి కుటుంబాలు వచ్చి చేరాయి. వీరికి ధాన్యం, వస్త్రాలు, గుర్రాలకు దాణా మొదలైనవి అందించడానికి ప్రహరీ వెలుపల అంగళ్లు వెలిశాయి. ఇదే రెసిడెన్సీ బజార్. ట్రూప్ బజార్ వంటి పేర్లు ఆనాటి సైనిక నేపథ్యాన్ని నేటికీ గుర్తుచేస్తున్నాయి.

ఈ బజారు మామూలు సంతగా మిగిలిపోకుండా వాణిజ్య కేంద్రంగా ఎదగడానికి ప్రధాన కారణం దానికున్న ప్రత్యేక న్యాయపరిధి. రెసిడెన్సీ బజార్లలో నిజాం ప్రభుత్వ శాసనాలు చెల్లుబాటు కాకపోయేవి. అక్కడి పోలీసు, న్యాయ, పన్నుల వ్యవహారాలన్నీ రెసిడెంట్ అధీనంలోనే జరిగేవి. జాగీర్దార్లకు, సర్కారుకు అప్పులిచ్చే సాహుకార్లకు ఇది కొండంత అండ అయింది. పాతనగరంలో అప్పు వసూలు కాని పక్షంలో ఏ అధికారి ఆగ్రహానికి గురి కావలసి వస్తుందోనన్న భయం ఉండగా, రెసిడెన్సీ నీడలో ఆస్తికి, ప్రాణానికి రక్షణ ఉంటుందన్న భరోసా వారికి లభించింది. మార్వాడీ, గుజరాతీ వర్తకులు పెద్ద సంఖ్యలో ఇక్కడ స్థిరపడ్డారు. గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ వంటి పేర్లు ఈ చరిత్రకు ఆనవాళ్లు. నిజాం హాలీ సిక్కా, బ్రిటిష్ కల్దారు రూపాయి రెండూ చెలామణిలో ఉండడం వల్ల నాణేల మారకం సైతం లాభసాటి వ్యాపారమైంది.

ఈ రక్షణకు మరొక పార్శ్వం కూడా ఉన్నది. విలియం పామర్ స్థాపించిన పామర్ అండ్ కంపెనీ రెసిడెన్సీ అండతో నిజాం ప్రభుత్వానికి అధిక వడ్డీకి భారీ రుణాలిచ్చింది. 1820లో రెసిడెంట్‌గా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లావాదేవీలను ప్రశ్నించడంతో వ్యవహారం కలకత్తా, లండన్ నగరాల దాకా వెళ్లింది. చివరకు పామర్ బాకీ తీర్చడానికి కంపెనీయే సొమ్ము సమకూర్చి, అందుకు బదులుగా ఉత్తర సర్కారులపై తాను ఏటా నిజాంకు చెల్లించవలసిన 7 లక్షల రూపాయల పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేయించుకున్నది. గోదావరి, కృష్ణా తీర ప్రాంతాలపై నిజాంకు మిగిలిన చివరి రాబడి హక్కు ఈ విధంగా రెసిడెన్సీ పక్కన ఉన్న ఒక వడ్డీ వ్యాపార సంస్థ బాకీ కింద హరించుకుపోయింది. పామర్ సంస్థ కూడా అనతికాలంలోనే దివాలా తీసింది.

పాతనగరానికీ, రెసిడెన్సీకీ మధ్య రాకపోకలు పెరగడంతో 1831లో చాదర్‌ఘాట్ వద్ద మూసీపై వంతెన నిర్మాణం జరిగింది. ఇంజనీరు ఒలిఫాంట్ పేరిట దీనిని ఒలిఫాంట్ వంతెన అని వ్యవహరించేవారు. వంతెన రాకతో ఉత్తరపు ఒడ్డు నగరంలో అంతర్భాగమైంది.

1857 జూలై 17

వలస అధికారానికి చిహ్నంగా నిలిచిన రెసిడెన్సీ, ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామ కాలంలో ప్రజాగ్రహానికి కూడా లక్ష్యమైంది. ఔరంగాబాద్‌లో తిరుగుబాటు చేసి హైదరాబాద్‌కు వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను బంధించి రెసిడెన్సీకి అప్పగించడంతో నగరంలో ఉద్రిక్తత నెలకొంది. 1857 జూలై 17వ తేదీ శుక్రవారం నాడు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో కొన్ని వందల మంది రెసిడెన్సీపైకి దండెత్తారు. పుత్లీబౌలి వైపు రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న సాహుకార్ల మేడలను స్వాధీనం చేసుకుని రాత్రంతా పోరాడారు. దివాన్ సాలార్‌జంగ్ నుంచి ముందుగానే సమాచారం అందుకున్న రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగి దళాలను సిద్ధం చేసి ఉంచడంతో తిరుగుబాటుదారులు తెల్లవారేసరికి వెనుకంజ వేయక తప్పలేదు.

పట్టుబడిన తుర్రెబాజ్ ఖాన్ కారాగారం నుంచి తప్పించుకున్నప్పటికీ, 1859 జనవరిలో తూప్రాన్ సమీపంలో ఆయనను కాల్చి చంపారు. మృతదేహాన్ని నగరానికి తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపగా, అక్కడే కన్నుమూశారు. ఆ దాడి అనంతరం రెసిడెన్సీ చుట్టూ ఎత్తైన గోడలు, బురుజులు వెలిశాయి. తోటల మధ్య ఉన్న సౌధం కోటను తలపించే ఆవరణగా మారింది. స్వాతంత్ర్యానంతరం కోఠీలో ఏర్పాటైన స్మారక స్తూపం, తుర్రెబాజ్ ఖాన్ పేరిట ఉన్న రహదారి ఆ వీరులను స్మరింపజేస్తున్నాయి.

తెలుగు వెలుగులకు వేదిక

నిజాం రాజ్యంలో పాలనా భాష మొదట పారసీకం, తరువాత ఉర్దూ. జనాభాలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు అయినప్పటికీ విద్యలోను, కచేరీలలోను దానికి స్థానం లభించలేదు. సభలు జరుపుకోవడానికి, సంఘాలు పెట్టుకోవడానికి సైతం సర్కారు అనుమతులు అవసరమయ్యేవి. రెసిడెన్సీ బజార్ నిజాం శాసనాల పరిధిలో లేకపోవడం వల్ల ఇక్కడ కొంత వెసులుబాటు ఉండేది. పరాయి ప్రభుత్వం తన వ్యాపార, సైనిక ప్రయోజనాల కోసం గీసుకున్న సరిహద్దు అనుకోని విధంగా స్థానిక భాషకు ఆశ్రయమైంది.

ఆర్యసమాజం 1892లో ఇక్కడ తన శాఖను నెలకొల్పింది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గృహంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆవిర్భవించింది. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, ఆయన వద్ద దివానుగా ఉన్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఈ కృషికి మూలస్తంభాలుగా నిలిచారు. తెలంగాణలో ఆధునిక గ్రంథాలయోద్యమానికి ఈ సంస్థయే నాంది. తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక దొరకడం గగనమైన రోజులలో అవి నలుగురికీ అందుబాటులో ఉన్న చోటు ఇదే. కొమర్రాజు, రావిచెట్టు తదితరులు 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలు తెలుగులో వెలువడ్డాయి.

రెసిడెన్సీకి చేరువలోనే మహారాష్ట్ర ప్రముఖులు కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ మొదలైనవారి పూనికతో వివేకవర్ధనీ విద్యాసంస్థ రూపొందింది. 1921 నవంబర్‌లో ఆ సంస్థ ప్రాంగణంలో మహర్షి కార్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో సాగిన ఉపన్యాసాలను సభ్యులు శ్రద్ధగా ఆలకించారు. న్యాయవాది ఆలంపల్లి వేంకట రామారావు తెలుగులో మాట్లాడడానికి ఉపక్రమించగానే సభలో గేలి, అల్లరి చెలరేగి ఆయన ప్రసంగానికి అడ్డు తగిలాయి. స్వంత గడ్డపై స్వంత భాషకు జరిగిన ఈ అవమానం సభలోని తెలుగువారిని తీవ్రంగా కలచివేసింది. వెంటనే టేకుమాల రంగారావు గృహంలో సమావేశమైన కొద్దిమంది తెలుగు ప్రముఖులు ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ చేశారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి పెద్దలు దానికి సారథ్యం వహించారు. ఆ సంఘమే విస్తరించి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభగా తొలి సమావేశం జరుపుకుంది. తరువాతి రెండు దశాబ్దాల తెలంగాణ ప్రజా పోరాటాలకు ఆ మహాసభ పునాది అయిన సంగతి విదితమే.

సుల్తాన్ బజార్ ఆవిర్భావం

1874లో సికింద్రాబాద్‌కు రైలు మార్గం, 20వ శతాబ్ది తొలినాళ్లలో నాంపల్లి, కాచిగూడ స్టేషన్లు రావడంతో కోఠీ వర్తకానికి కొత్త ఊపు లభించింది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన మహా వరద వేలాది ప్రాణాలను బలిగొనడంతో, మెరక నేలలను ఆశ్రయించి ఉత్తర దిశగా తరలివచ్చే కుటుంబాల సంఖ్య పెరిగింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి రహదారుల విస్తరణ చేపట్టింది. పక్కనే ఉన్న ఆబిడ్స్ కూడా ఇదే కాలంలో వ్యాపార కూడలిగా ఎదిగింది.

వైద్య రంగంలోనూ రెసిడెన్సీ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. రెసిడెన్సీ వైద్యుడు మెక్లీన్ సూచనపై నాలుగవ నిజాం నాసిరుద్దౌలా 1846లో నెలకొల్పిన వైద్య పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మాతృక. ఆ కళాశాలతో పాటు వైద్య, ఆరోగ్య శాఖకు చెందిన పలు కార్యాలయాలు కోఠీలో ఉండడం యాదృచ్ఛికం కాదు.

1933లో రెసిడెన్సీ బజార్లు నిజాం ప్రభుత్వానికి తిరిగి దఖలు పడ్డాయి. అప్పటి నుంచి ఈ ప్రాంతం సుల్తాన్ బజార్‌గా వ్యవహారంలోకి వచ్చింది. ప్రత్యేక న్యాయపరిధి తొలగినప్పటికీ వ్యాపారం తగ్గలేదు. అప్పటికే బజారు తన కాళ్లపై తాను నిలబడగలిగే స్థితికి చేరుకుంది. బ్రిటిష్ పాలన అంతరించడంతో 1947లో రెసిడెంట్ పదవి ముగిసింది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1924లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల 1949లో రెసిడెన్సీ భవనంలోకి మారింది. సామాన్యులకు ప్రవేశం లేని దర్బారు హాలులో గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థినులు పాఠాలు చదువుకున్నారు. కోఠీ చరిత్రలో ఇంతకు మించిన మార్పు మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. ఈ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్నతి పొందింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో భూమి కోసం నిలిచిన వీరనారి చాకలి ఐలమ్మ పేరును దీనికి పెట్టనున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

పరిరక్షణ, వర్తమానం

విద్యాసంస్థగా నిరంతర వినియోగంలో ఉన్నందువల్లనే రెసిడెన్సీ భవనం కూలిపోకుండా నిలిచిందని చెప్పాలి. అయినను వర్షపు నీరు, చెట్ల వేళ్లు, కాలక్రమంలో పెరిగిన పగుళ్ల వల్ల అది శిథిలావస్థకు చేరుకుంది. ప్రపంచ స్మారక నిధి సంస్థ 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీనిని చేర్చింది. అదే సంవత్సరం విలియం డాల్‌రింపుల్ రచించిన వైట్ మొఘల్స్ గ్రంథం వెలువడి కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల గాథను ప్రపంచ పాఠకులకు పరిచయం చేయడంతో ఈ భవనంపై ఆసక్తి ద్విగుణీకృతమైంది. దశలవారీగా సాగిన పునరుద్ధరణ పనుల అనంతరం 2023లో భవనం తిరిగి పూర్వ వైభవాన్ని సంతరించుకుంది.

భవనం ఒక ఎత్తు, బజారు మరొక ఎత్తు. మెట్రో రైలు మార్గాన్ని సుల్తాన్ బజార్ ఇరుకు వీధుల మీదుగా తీసుకువెళ్లాలన్న ప్రతిపాదనపై వర్తకులు చాలాకాలం పాటు ఆందోళన వ్యక్తం చేశారు. తరతరాల దుకాణాలు, వాటిపై ఆధారపడిన గుమాస్తాలు, దర్జీలు, చిరువ్యాపారుల జీవనోపాధి, చారిత్రక కట్టడాల భద్రత వారి ప్రధాన అభ్యంతరాలు. పెరుగుతున్న నగరానికి ప్రజా రవాణా అనివార్యమన్నది మరొక వాదన. చివరకు 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ – మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ మార్గం సుల్తాన్ బజార్ మీదుగా ప్రారంభమైంది. ఈ మార్గం వల్ల దూర ప్రాంతాల కొనుగోలుదారులకు బజారు చేరువైంది. కాగా, దారి కోసం కొన్ని పాత దుకాణాలు, ముంగిళ్లు కనుమరుగయ్యాయి. లాభనష్టాలలో ఏ ఒక్కదానినీ విస్మరించి ఈ అనుభవాన్ని అంచనా వేయడం సబబు కాదు.

పెళ్లి బట్టల కోసం, పాఠ్యపుస్తకాల కోసం, వైద్య శాఖ కార్యాలయాలలో పనుల కోసం నిత్యం వేలాది మంది కోఠీకి వస్తుంటారు. వారిలో చాలామందికి గోడ అవతల ఉన్న సౌధం గురించి గాని, పక్క సందులోని భాషానిలయం గురించి గాని తెలియదు. పాఠశాల ఆవరణలో నిలిచిన గడియార స్తంభం, స్మారక స్తూపం, భాషానిలయం, వివేకవర్ధని, రెసిడెన్సీ భవనం ఇవన్నీ ఒకదానికొకటి కాలినడకన చేరుకోగల దూరంలోనే ఉన్నాయి. వీటిని కలుపుతూ చరిత్రను వివరించే ఫలకాలు, సూచికలు, విద్యార్థులకు పరిచయ యాత్రలు ఏర్పాటైతే ఆశించిన ఫలితం చేకూరుతుంది.

కోఠీ చరిత్రలో పరాయి అధికారపు దర్పం ఉంది. దానిని ఎదిరించి ప్రాణాలర్పించిన వారి త్యాగం ఉంది. ఆ గోడల నీడనే తమ భాషకు ఒక గూడు కట్టుకున్న వారి దీక్ష ఉంది. భవనాలను మాత్రమే కాపాడి ఈ జ్ఞాపకాలను విడిచిపెట్టినా, జ్ఞాపకాల పేరిట బజారుపై ఆధారపడిన కుటుంబాలను మరచినా పరిరక్షణ అసంపూర్ణమే అవుతుంది. రెండింటినీ సమన్వయపరచుకుంటూ ఈ ప్రాంతాన్ని భావితరాలకు అందించవలసిన బాధ్యత యంత్రాంగంపైన, వర్తక వర్గాలపైన, నగర పౌరులందరిపైన సమానంగా ఉన్నది.